అనని మాటకు జవాబు

వాదంలో ఓడిపోవటం అవమానమేమీ కాదు. ఓడినవాడికి కనీసం తన వాదంలో లోటేమిటో తెలుస్తుంది. కాని ఒక మనిషి అనని మాటను అతని నెత్తిన రుద్ది, ఆ మాటను ఖండించి, ఆ మనిషిని ఓడించామని చాటుకోవటం మన సాహిత్యసభల్లోనూ, ఉపాధ్యాయుల సమావేశాల్లోనూ, విద్యార్థుల చర్చల్లోనూ నిత్యకృత్యమయింది. దీన్ని చాలామంది మర్యాదకు సంబంధించిన సంగతిగా చూస్తారు. “పోనీలెండి, ఆయన స్వభావం అంతే” అని సర్దిచెబుతారు. ఇది మర్యాదకు సంబంధించిన సంగతి కాదని నా వాదం. వక్రీకరణ వల్ల మొదట నష్టపోయేది మనిషి పరువు కాదు, చర్చకు రావలసిన ప్రశ్న. అసలు ప్రశ్నను ఎవరూ ముట్టుకోకుండానే సభ ముగుస్తుంది. ఆ ప్రశ్న ఎవరి బతుకులకు సంబంధించినదో వాళ్ళు తరతరాలు దాని ఖరీదు చెల్లిస్తూ వుంటారు.

దీనికి సాక్ష్యం కోసం గోదావరి జిల్లాలవాళ్ళు ఎక్కడికీ పోనక్కరలేదు. మన సభల్లో, మన పత్రికల్లో నడిచిన భాషావివాదమే సాక్ష్యం.

గిడుగు రామమూర్తి పంతులుగారు అడిగినదేమిటి? బడిలో పిల్లలు వ్రాసే వచనం చదువుకున్నవాళ్ళు నిత్యమూ మాట్లాడే భాషలో వుండాలని. దానికి ఆయన వాడిన పేరు శిష్టజన వ్యావహారికం. పాత కావ్యాలను పారవెయ్యమని ఆయన అనలేదు. వ్యాకరణం అక్కరలేదని అనలేదు. జీవద్భాషకూ వ్యాకరణం వుందని, దాన్ని ప్రయోగాన్ని చూసి కట్టాలని అన్నారు. 1913లో ఇంగ్లీషులో ప్రకటించిన విజ్ఞాపనపత్రంలోనూ, తర్వాత గద్యచింతామణి, బాలకవి శరణ్యం మొదలైన గ్రంథాల్లోనూ ఆయన వాదం తేటగా వున్నది. చదవదలుచుకున్నవాడికి సందేహం మిగలదు.

ఆయన అడిగినట్టుగా ప్రచారమయినదేమిటి? గ్రామ్యం కావాలన్నాడని. ఈ ఒక్క మాటలో ఎంత పని జరిగిపోయిందో గమనించండి. మన అలంకారశాస్త్రంలో గ్రామ్యం ఒక దోషం పేరు. ఒక ప్రతిపాదనకు దోషం పేరు పెట్టిన తర్వాత దాన్ని విచారించవలసిన అవసరం ఏముంది? తీర్పు పేరులోనే వున్నది. ఇక మిగిలిన పనల్లా నన్నయ తిక్కనలను తలుచుకుని కన్నీరు కార్చటమే.

నేను ఎదుటిపక్షానికి అన్యాయం చెయ్యదలుచుకోలేదు. కోనసీమలోని ముక్తేశ్వరంలో పుట్టిన జయంతి రామయ్య పంతులుగారు సామాన్యుడు కాదు. శాసనాలను పరిష్కరించినవాడు. సూర్యరాయాంధ్ర నిఘంటువు పనికి పూనుకున్నవాడు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తుకు వెన్నెముక. ఆయన పక్షానికి గట్టి వాదం ఒకటి వున్నది. మాట్లాడే భాష జిల్లాకొక తీరుగా వుంటుంది. గ్రంథభాష అన్ని జిల్లాలకూ ఒక్కటే. దాన్ని వదులుకుంటే ఒక ప్రాంతంవాడి వ్రాత మరొక ప్రాంతంవాడికి పరాయిదవుతుంది. ఇది నవ్వి తోసివెయ్యదగిన వాదం కాదు. నిజానికి ఇది ఒక గొప్ప ప్రశ్నకు తలుపు. మాట్లాడే భాషలో వ్రాద్దాం సరే, ఎవరు మాట్లాడే భాషలో? ఏ జిల్లా, ఏ కులం, ఏ వర్గం నోటిమాట ప్రమాణం? శిష్టుడంటే ఎవడు?

ఆ తలుపు తెరుచుకోలేదు. గ్రామ్యం, గ్రామ్యం అన్న కేకల మధ్య ఆ ప్రశ్న వినబడలేదు. అంతకంటే విచారించవలసిన సంగతి మరొకటి వున్నది. గిడుగుగారు తన శక్తిలో చాలాభాగాన్ని, మేమడిగేది గ్రామ్యం కాదు, శిష్టుల భాషే సుమా అని రుజువు చెయ్యటానికి ఖర్చు పెట్టవలసి వచ్చింది. సవరల గూడేల్లో తిరిగి, వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు బడి పెట్టించి, 1931లో ఆ భాషకు వ్యాకరణం ప్రకటించిన మనిషి ఆయన. శిష్టుడెవడన్న ప్రశ్న వెయ్యటానికి ఆంధ్రదేశంలో ఆయనకంటే అర్హుడెవరున్నారు? ఆ మనిషిని “శిష్ట” అన్న మాట వెనక నిలబడి ఆత్మరక్షణ చేసుకునే స్థితికి తెచ్చింది ఈ వక్రీకరణ. వక్రీకరణ మనిషి మాటను ఇతరుల దగ్గర మార్చటంతో ఆగదు. చివరికి ఆ మనిషి ఏ మాట మాట్లాడాలో కూడా అదే నిర్ణయిస్తుంది.

ఫలితం మనకు తెలుసు. స్కూలు ఫైనలు వ్యాసరచనలో రెండు శైలులకూ దొరికిన అనుమతి పండితుల ఆందోళన తర్వాత వెనక్కు పోయింది. 1914లో గురజాడ అప్పారావుగారు విశ్వవిద్యాలయానికి అసమ్మతిపత్రం వ్రాసి, మరుసటి సంవత్సరం కన్నుమూశారు. పాఠ్యపుస్తకాల్లో వాడుకభాష స్థిరపడటానికి 1960ల చివరిదాకా ఆగవలసి వచ్చింది. తీరా స్థిరపడ్డాక తేలినదేమిటి? అది ఎక్కువగా కృష్ణా గోదావరి తీరాల్లోని చదువుకున్న పై కులాలవారి మాట. రెండున్నర జిల్లాల భాషను అందరి నెత్తినా రుద్దారని తెలంగాణ రచయితలు నిలదీశారు. రాయలసీమ, కళింగాంధ్ర రచయితలు తమ మాటను కథల్లోకి తెచ్చుకోవటానికి విడిగా పోరాడారు. 1913లో వెయ్యవలసిన ప్రశ్న అరవై ఏళ్ళ తర్వాత, కోపంగా, వేరే దారిలో వచ్చి తలుపు తట్టింది. అనని మాటను ఖండించటంలో పొద్దుపుచ్చిన సభల బాకీ ఇది.

ఇదంతా పాతకథ అనుకునేవాళ్ళ కోసం నిన్న మొన్నటి సంగతి చెబుతాను.

2019 నవంబరు 5న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 81వ నంబరు ఉత్తర్వు ఇచ్చి, సర్కారు బడుల్లో బోధన అంతా ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చాలన్నది. అదే నెలలో దాన్ని సవరిస్తూ 85వ నంబరు ఉత్తర్వు వచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు రెండింటినీ కొట్టివేసింది. ఈ అయిదారు నెలల్లో మన జిల్లాల్లో జరిగినన్ని చర్చాసభలు ఇటీవల మరే విషయం మీదా జరగలేదేమో. వాటిలో మాట్లాడినవాళ్ళంతా రెండే రకాలుగా మిగిలారు. మాతృభాషలో బోధన కావాలన్నవాడు పేదవాడికి ఇంగ్లీషు దక్కకూడదని కోరే స్వార్థపరుడు. ఇంగ్లీషు కావాలన్నవాడు తెలుగుతల్లి గొంతు నులిమే ద్రోహి. నిజంగా అలాంటి స్వార్థపరులు లేరా అంటే వున్నారు. తమ పిల్లలను కార్పొరేటు బడిలో ఇంగ్లీషు మాధ్యమంలో చేర్పించి, కూలివాడి పిల్లకు తెలుగు తియ్యదనం గురించి ఉపన్యాసమిచ్చే పెద్దమనుషులను నేనూ ఎరుగుదును. కాని వాళ్ళ కపటాన్ని బయటపెట్టటం వేరు, ఆ కపటాన్ని ప్రతి మాతృభాషావాదికీ అంటగట్టటం వేరు.

ఆ ఏడాది చివర డెల్టాలోని ఒక పట్టణంలో ఉపాధ్యాయులు, విద్యార్థులు కలిసి పెట్టుకున్న సభలో నేనూ మాట్లాడాను. నా ప్రసంగం సారం మూడు వాక్యాలు. కాగితం మీద వ్రాసుకునే వెళ్ళాను. మొదటిది: ఇంగ్లీషు పేదవాడి పిల్లకు దక్కి తీరాలి, దానికి అడ్డుపడే హక్కు ఎవరికీ లేదు. రెండవది: చదవటం, వ్రాయటం, లెక్కకట్టటం మొదట ఇంటిభాషలోనే నేర్పాలి, ఆ పునాది మీద ఇంగ్లీషు బాగా నిలుస్తుంది. మూడవది: ఇంటిభాష అంటే పాఠ్యపుస్తకంలో వున్న తెలుగే అనుకోకండి, గోదావరి ఏజెన్సీలో కోయపిల్లవాడి ఇంటిభాష కోయ, వాడికి మన తెలుగూ పరాయిభాషే.

సభ ముగిసి రెండు రోజులు తిరక్కుండానే నేను ఇద్దరు మనుషులనైపోయాను. మొదటి వాక్యం తీసుకున్నవాళ్ళు, తెలుగు చెప్పుకుని బతుకుతూ తెలుగుకే వెన్నుపోటు పొడిచాడన్నారు. రెండవ వాక్యం తీసుకున్నవాళ్ళు, పేదల పిల్లలకు ఇంగ్లీషు వద్దన్నాడన్నారు. ఈ రెండు నిందలూ నా దగ్గరకు ఒకే రోజున వచ్చాయి. నా తరగతిలోని ఒక కుర్రవాడు, ఇటుకబట్టీ కూలీ కొడుకు, వరండాలో నిలబెట్టి అడిగాడు: “మాకింగ్లీషొద్దన్నారంటగదండీ మేస్టారూ?” నేను ఆ కాగితం అతని చేతికిచ్చాను. రెండుసార్లు చదివి, “మరిలాగని ఎవరూ చెప్పలేదండీ” అన్నాడు.

నా మీద పడ్డ నింద నాకు పెద్ద బాధ కాదు. ఉద్యోగం పోలేదు, అన్నం మానలేదు. నేను అడిగేదల్లా ఒక్కటే: నా మూడవ వాక్యం ఏమయింది? దాన్ని మెచ్చుకున్నవాడు లేడు, తిట్టినవాడూ లేడు. రెండు పక్షాలకూ అది పనికిరాలేదు గనుక రెండు పక్షాలూ దాన్ని నేలమీదే వదిలి వెళ్ళాయి. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందే సౌకర్యాలు కల్పించాలంటున్నది. 2009 విద్యాహక్కు చట్టం బోధన వీలైనంతవరకు పిల్లవాడి మాతృభాషలో వుండాలంటున్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయ, సవర మొదలైన గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు చెప్పే కార్యక్రమం మొదలయింది కూడా. ఈ అనుభవాన్ని చర్చకు తేవలసిన సమయం అదే. కాని తెలుగా, ఇంగ్లీషా అని రెండు పక్షాలూ కొట్టుకుంటుంటే, తెలుగూ ఇంగ్లీషూ రెండూ రాని పిల్లవాడు వెనకబెంచీ మీద కూర్చునే వున్నాడు. నూరేళ్ళ క్రిందట సవరపిల్లవాడి విషయంలో జరిగినదే ఇప్పుడు కోయపిల్లవాడి విషయంలో జరిగింది.

ఇలాంటి నింద పడినప్పుడు ఏం చెయ్యాలి? మన మిత్రులు రెండు సలహాలిస్తూ వుంటారు. రెండూ తప్పుడు సలహాలే.

మొదటిది మౌనం. నిప్పుకు చెదలు పట్టదు, కాలమే తేలుస్తుంది అంటారు. కాలం తనంతట తాను ఏదీ తేల్చదు. చార్వాకుల సంగతి చూడండి. మన దేశంలోని భౌతికవాదుల మూలగ్రంథాలు మనకు మిగలలేదు. వాళ్ళేమన్నారో ఎక్కువగా వాళ్ళ శత్రువుల పుస్తకాల నుంచే ఏరుకోవలసి వస్తున్నది. పద్నాలుగవ శతాబ్దంలో సర్వదర్శన సంగ్రహం వ్రాసిన మాధవాచార్యుడు వాళ్ళ వాదాన్ని మొదటి అధ్యాయంగా పెట్టింది ఖండించటానికే. మహాభారతం శాంతిపర్వంలో చార్వాకుడు మారువేషంలో వచ్చిన రాక్షసుడు. బ్రాహ్మణుల హుంకారానికి కాలిపోతాడు. అప్పు చేసి నెయ్యి తాగమన్న తిండిపోతులుగానే సామాన్య జనానికి వాళ్ళు ఈనాటికీ తెలుసు. దేవీప్రసాద్ చటోపాధ్యాయ 1959లో లోకాయత గ్రంథం ప్రకటించి, నిందల పొరల కింద ఆ మనుషులను వెతకవలసి వచ్చింది. మౌనం వహించినవాడి మాటను, జవాబు చెప్పే నోరు నొక్కబడినవాడి మాటను కాలం కాపాడదు. శత్రువు వ్రాసిన సంగ్రహంలో అది సమాధి అవుతుంది.

రెండవ సలహా దెబ్బకు దెబ్బ. వాడు మన మాట వక్రీకరిస్తే మనం వాడి మాట వక్రీకరిద్దాం అంటారు. దీని రుచి కూడా గోదావరి సీమకు తెలుసు. తిరుపతి వేంకట కవులకూ, పిఠాపురంలోని వేంకట రామకృష్ణ కవులకూ నడిచిన వివాదంలో రెండు పక్షాలవారూ మహాకవులే. పద్యం వాళ్ళ నాలుక మీద నాట్యమాడేది. అంత ప్రతిభా తిట్లకు ఖర్చయింది. ఆ తిట్ల చమత్కారాన్ని చెప్పుకునే రసికులు ఇంకా వున్నారు. ఆ వివాదం వల్ల సాహిత్యంలో ఏ ప్రశ్న తేలిందో చెప్పగలిగినవాడు నాకు ఇంతవరకు కనబడలేదు.

మరి దారి లేదా అంటే, వున్నది. వక్రీకరణ అన్నది ఈనాటి రోగం కాదు. గౌతముని న్యాయసూత్రాలు దానికి ఛలం అని పేరు పెట్టి మూడు రకాలుగా విడగొట్టాయి. నవకంబలం కప్పుకున్నాడని ఒకడంటాడు, కొత్త కంబళి అని అతని భావం. “తొమ్మిది కంబళ్ళెక్కడున్నాయి, ఒక్కటేగా వున్నది?” అని ఎదుటివాడు నిలదీస్తాడు. ఇది వాక్ఛలానికి భాష్యకారుడిచ్చిన ఉదాహరణ. మన సభల్లో ఈ కంబళి రోజూ కనబడుతున్నది. ఆ సూత్రాలే ఇరవైరెండు నిగ్రహస్థానాలను, అంటే వాది ఓడినట్టు లెక్కించే సందర్భాలను చెప్పాయి. వాటిలో ఒకటి అననుభాషణం. ఒకడు తన ప్రతిజ్ఞను మూడుసార్లు చెప్పి, సభ దాన్ని గ్రహించిన తర్వాత కూడా ప్రతివాది దాన్ని తిరిగి చెప్పలేకపోతే ప్రతివాది ఓడినట్టే. ఖండన దాకా పోనక్కరలేదు. ఎదుటివాడి మాటను ఉన్నదున్నట్టు చెప్పలేనివాడికి దాన్ని ఖండించే అర్హతే లేదన్నమాట. మనం పాత పండితులను ఛాందసులని వెక్కిరిస్తూ వుంటాము. ఈ ఒక్క నియమాన్ని మన సభల్లో అమలు చేస్తే మన వక్తల్లో ఎంతమంది రెండవ నిమిషం దాకా నిలుస్తారో చెప్పలేను.

జవాబు ఎలా చెప్పాలో మార్క్సు జీవితంలోనే ఒక పాఠం వున్నది. గ్లాడ్‌స్టన్ 1863 ఏప్రిల్ 16న చేసిన బడ్జెటు ప్రసంగం నుంచి, పెరిగిన సంపద అంతా ఆస్తిపరుల వర్గాలకే పరిమితమయిందనే వాక్యాన్ని మార్క్సు ఉదహరించాడు. 1872లో జర్మన్ మిల్లుయజమానుల పత్రికలో, ఆ వాక్యం మార్క్సు కల్పించినదేనని పేరు లేని వ్యాసం ఒకటి వచ్చింది. వ్రాసినవాడు బ్రెంటానో అనే ఆచార్యుడని తర్వాత తేలింది. మార్క్సు చూసీచూడనట్టు ఊరుకోలేదు. ఆచార్యులవారి వాక్యాలను తానూ వంకరగా చదవలేదు. ప్రసంగం మర్నాటి లండన్ పత్రికలను ముందు పెట్టాడు. వాక్యం వాటిలో వున్నది. సవరించి అచ్చువేసిన పార్లమెంటు నివేదికలో మాత్రం మాయమయింది. మార్క్సు చనిపోయాక కేంబ్రిడ్జిలో మరొకడు అదే నిందను తిరగదోడితే ఆయన కూతురు ఎలియనార్ జవాబు చెప్పింది. 1890లో ‘పెట్టుబడి’ నాలుగవ ముద్రణ ముందుమాటలో ఏంగెల్సు మొత్తం వ్యవహారాన్ని సాక్ష్యాలతో వివరించాడు. ఒక్క వాక్యం కోసం అంత శ్రమ ఎందుకంటే, ఆ వాక్యం వెనక ఇంగ్లండు కార్మికుడి ఆకలి వున్నది గనుక. వాళ్ళు కాపాడింది మార్క్సు పరువును మాత్రమే కాదు, ఆ ఆకలికి సాక్ష్యాన్ని.

గిడుగుగారు కూడా చివరికి గెలిచింది ఈ దారినే. 1925లో తణుకులో సాహిత్య పరిషత్తు సభలో ఆయన నాలుగు గంటలసేపు మాట్లాడారంటే, తనను తిట్టినవాళ్ళను తిట్టటానికి కాదు. ప్రత్యర్థులు శిరసావహించే గ్రంథాల్లోంచే ప్రయోగాలు తీసి చూపటానికి. ఆ పద్ధతికి మొండి పండితులే లొంగారు. అంతకు ముందే, జీవితమంతా గ్రాంథికవచనం దిద్దిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షులయ్యారు. వెక్కిరింపు మనిషిని మార్చదు, సాక్ష్యం మారుస్తుంది.

ఇక మన ఇంటి సంగతి మాట్లాడుకోవాలి. వక్రీకరణ అభివృద్ధి నిరోధకుల సొత్తు అనుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. 1964లో పార్టీ చీలాక, 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడ్డాక, తెలుగు వామపక్ష సాహిత్యవిమర్శలో ఒక అలవాటు ముదిరింది. వ్యాసం చదవటానికి ముందే వ్యాసకర్తకు ముద్ర కొట్టటం. ఒకడు రివిజనిస్టు, ఒకడు అతివాది, ఒకడు రూపవాది, మరొకడు బూర్జువా మానవతావాది. ముద్ర పడ్డాక అతని వాక్యంతో పని లేదు. ఆనాడు పండితులకు గ్రామ్యం అన్న మాట చేసిపెట్టిన సేవనే ఈనాడు మనకు ఈ ముద్రలు చేసిపెడుతున్నాయి. దళిత రచయితలు, స్త్రీవాద రచయిత్రులు 1980ల నుంచి మన ముందు పెట్టిన ప్రశ్నలకు మనలో కొందరిచ్చిన మొదటి జవాబు, “వీళ్ళు వర్గపోరాటాన్ని కాదంటున్నారు” అనే కదా? వాళ్ళలో ఎంతమంది ఆ మాట అన్నారో లెక్క చూశామా? వర్గపోరాటంలో మా కులం, మా ఇంటిచాకిరి ఎక్కడున్నాయని వాళ్ళడిగితే, మనం విన్నది వర్గపోరాటం వద్దన్నారని. పోయింది వాళ్ళ ప్రశ్న కాదు, మన ఉద్యమానికి అందవలసిన బలం.

కొందరు అడుగుతారు: శత్రువుతో న్యాయంగా వాదించటమేమిటి, వాళ్ళు మనతో న్యాయంగా వుంటున్నారా? నిజమే, వుండటంలేదు. పత్రికలు, పాఠ్యప్రణాళికలు, వేదికలు ఎక్కువగా బలవంతుడివే. అతని వక్రీకరణ వెయ్యి నోళ్ళతో పలుకుతుంది. సరిగ్గా అందుకే మనకు ఆ ఆయుధం పనికిరాదు. అబద్ధంలో బలవంతుడితో పోటీపడి గెలిచిన పేదవాడు లేడు. మనకున్న ఆస్తి ఒక్కటే: విని, సరిచూసుకుని, వీళ్ళు చెప్పింది నిజమని నమ్మే జనం. ఆ వరండాలో నిలబడి అడిగిన కుర్రవాడు అలాంటివాడు. ఒక్కసారి మనం అబద్ధమాడామని అతనికి తెలిస్తే మళ్ళీ అడగటానికి రాడు.

కాబట్టి ఈ పత్రిక చదివే విద్యార్థులకూ, అధ్యాపకులకూ నా విజ్ఞప్తి. మీ చర్చాసభల్లో ఒక నియమం పెట్టుకోండి. ఖండించదలుచుకున్నవాడు ముందు ఎదుటివాడి వాదాన్ని, ఎదుటివాడు “ఔను, నేనన్నది అదే” అని ఒప్పుకునేటట్టు చెప్పాలి. ఒప్పుకోకపోతే మళ్ళీ చెప్పాలి. ఆ తర్వాతే ఖండన. ఉదహరించేవాడు ముందువెనకల వాక్యాలతో సహా ఉదహరించాలి. మాట తప్పుగా పాకినప్పుడు, ఆ మాటన్నవాడు తన మాటను వ్రాతగా, సాక్ష్యంతో ఒకసారి చెప్పాలి. చెప్పి, తన పరువు దగ్గర ఆగిపోకుండా ప్రశ్న దగ్గరకు తిరిగిపోవాలి. పత్రికలవాళ్ళు ఖండన అచ్చువేసినంత చోటులోనే జవాబునూ అచ్చువెయ్యాలి.

నా మూడవ వాక్యం ఇంకా అలాగే వున్నది. కోయపిల్లవాడికి మొదటి పాఠం ఏ భాషలో చెప్పాలి? నన్ను ఖండించదలుచుకున్నవాళ్ళు అక్కడ మొదలుపెట్టండి.